తుపానుకు పశువుల శాల కప్పు ఎగిరిపోతే సాయానికి దరఖాస్తు ఎలా?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ లెక్కలు అందరూ రాశారు. ఇల్లు కూలినా, తోట పడినా కంటికి కనిపిస్తుంది. ఇంటి వెనక శాల రేకులు లేచిపోయిన సంగతి మాత్రం మనం నోరు తెరిచి చెబితేనే కాగితం మీదికి ఎక్కుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

విపత్తు సహాయ నిధి నిబంధనల్లో (2022-23 నుంచి 2025-26 వరకు) పశువుల శాలకు 3,000 రూపాయలు ప్రత్యేకంగా పెట్టారు. ఇంటి నష్టానికి ఇచ్చేదానితో దీనికి సంబంధం లేదు. అయితే అక్కడ ఉన్న మాట "ఇంటికి ఆనుకుని ఉన్న శాల". మీ శాల పొలంలో ఉంటే ఈ పద్దు వర్తిస్తుందో లేదో వీఆర్వోను ముందే అడగండి. ఒక్కో తుపానుకు ప్రభుత్వం విడిగా జీవో ఇచ్చి మొత్తం పెంచడమూ ఉంది, అదీ కనుక్కోండి.

3,000తో కొత్త కప్పు రాదు. కాబట్టి హెచ్చరిక రాగానే కప్పు కాపాడుకోవడమే మొదటి పని. గాలి రేకును పైనుంచి నొక్కదు, చూరు కిందినుంచి దూరి పైకి లేపుతుంది. మూలల్లో, అంచుల్లో ఆ లాగుడు ఎక్కువ. నిచ్చెన వేసుకుని అంచు వరుసలోని జే-బోల్టులు (రేకును పట్టి ఉంచే కొక్కెం బోల్టులు) ఒక్కొక్కటీ చేత్తో కదిపి చూడండి. నట్టు వదులైనా, వాషర్ తుప్పు పట్టినా, బోల్టు చుట్టూ రంధ్రం సాగినా, లేచేది ఆ రేకే. ఇసుక బస్తాలు పైన విడిగా పెట్టకండి, తాడుతో జతగా కట్టి రెండు వైపులా వేలాడేలా వేయండి. తాటాకు కప్పయితే పాత చేపల వల పరిచి, తాళ్లను రాటలకు కాదు, నేలలో లోతుగా దిగ్గొట్టిన మేకులకు కట్టాలి. గాలి ముదిరేలోగా పశువుల పలుపులు విప్పేయండి. కట్టేసిన గొడ్డు కూలిన కప్పు కింద నలిగి చనిపోవడం కంటే ఘోరం లేదు.

నిచ్చెన దిగగానే ఫోన్‌తో శాల ఫొటోలు తీయండి, ఇల్లూ శాలా ఒకే ఫొటోలో కనిపించేలా. తుపాను తర్వాత అదే చోట నిలబడి మళ్లీ తీయండి. ఎగిరిన రేకులు సర్దేముందే తీయాలి.

తర్వాత గ్రామ సచివాలయంలో వీఆర్వో పేరున అర్జీ ఇవ్వండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్ నకళ్లు, ఫొటోలు జతచేయండి. రసీదు తీసుకోకుండా రావద్దు. నష్టం రాసుకునే బృందం వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, వాళ్లను వెనక్కి తీసుకెళ్లి శాల చూపించాలి. ఇల్లు, శాల వేర్వేరుగా రాశారా అని అక్కడే అడగండి.

పశువు చనిపోతే పూడ్చిపెట్టే ముందే పశువైద్యాధికారికి కబురు పెట్టండి, ఆయన ధ్రువీకరణే ఆధారం. అవే నిబంధనల్లో పాడి గేదె, ఆవుకు 37,500, ఎద్దుకు 32,000, గొర్రె, మేకకు 4,000 రూపాయలు పెట్టారు.

లబ్ధిదారుల జాబితా సచివాలయంలో పెడతారు. పేరు లేకపోతే గడువులోగా అభ్యంతరం రాసివ్వండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి, లేదా 1100కు ఫోన్ చేయండి. మొదటి రసీదు, రెండు ఫొటోలు వెంట ఉంచుకోండి.