అమెరికాలో ఉద్యోగం తీసేస్తే: కోర్టు దాకా గడువుల లెక్క

వివక్షతో తీసేశారని ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు పెట్టడానికి 180 రోజులు, కొన్ని రాష్ట్రాల్లో 300 రోజుల గడువుంటుంది. అది మొదలయ్యేది మిమ్మల్ని తీసేస్తున్నామని చెప్పిన రోజు నుంచి, జీతం ఆగిన రోజు నుంచి కాదు. 1980లో రిక్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది. 2025 మార్చి 3న కబురు చెప్పి, మే 2 దాకా జీతమిచ్చారనుకుందాం. 180 రోజులు ఆగస్టు 30తో నిండుతాయి. అది శనివారం, సోమవారం లేబర్ డే సెలవు, కాబట్టి సెప్టెంబరు 2 ఆఖరు. మే 2 నుంచి లెక్కేసుకున్నవాళ్లు అక్టోబరు 29 దాకా టైముందని ధీమాగా ఉంటారు. హెచ్ఆర్‌కి అప్పీలు పెట్టినా, వాళ్లు ‘చూస్తున్నాం’ అంటున్నా గడువు ఆగదు.

జాతి, పుట్టిన దేశం, మతం, ఆడామగా తేడా, వైకల్యం, 40 దాటిన వయసు లాంటి కారణాలతో తీసేశారంటే మామూలుగా నేరుగా కోర్టుకెళ్లడం కుదరదు. ముందు ఈఈఓసీ అనే ఫెడరల్ సంస్థ దగ్గర ఛార్జ్, అంటే సంతకం చేసిన ఫిర్యాదు, వేయాలి. గడువు 180 రోజులు. అలాంటి వివక్షను నిషేధించే చట్టమూ, దాన్ని అమలుచేసే సంస్థా రాష్ట్రంలో ఉంటే 300. టెక్సస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో 300, జార్జియాలో ప్రైవేటు ఉద్యోగులకు 180 మాత్రమే. డల్లాస్‌లో ఉన్న ఫ్రెండు చెప్పిన లెక్క అట్లాంటాలో పనికిరాదు. కంపెనీలో కనీసం 15 మంది ఉండాలి, వయసు కేసైతే 20 మంది. పదిమందితో నడిచే కన్సల్టెన్సీ మీద ఈ దారి మూసుకుపోయినట్టే, రాష్ట్ర చట్టం చూసుకోవాలి.

ఈఈఓసీ పోర్టల్‌లో మొదట పెట్టేది ‘ఎంక్వైరీ’. అది ఛార్జ్ కాదు, దాంతో గడువు ఆగదు. ఆ తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది, వాళ్లు ఛార్జ్ డ్రాఫ్టు పంపుతారు, మీరు చదివి సంతకం పెట్టాలి. ఇంటర్వ్యూ స్లాట్లు వెంటనే దొరక్కపోవచ్చు కాబట్టి కనీసం రెండు నెలలు మిగిలుండగానే మొదలుపెట్టండి. అంతకంటే తక్కువ ఉంటే ఏం చేయాలో పోర్టల్‌లోనే ఉంటుంది. డ్రాఫ్టులో టిక్ పెట్టే గడులు నిదానంగా చూడండి. ఫిర్యాదు చేసినందుకే పగబట్టి తీసేశారనుకుంటే ‘రిటాలియేషన్’ గడి కూడా పెట్టాలి. ఛార్జ్‌లో లేని విషయాన్ని తర్వాత కోర్టులో ఎత్తితే అవతలి లాయరు కొట్టేయించే ప్రయత్నం చేస్తాడు.

ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టడం వేరే సంగతి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ప్రాజెక్టు లేకపోయినా జీతం ఇవ్వాల్సిందే. దీనికి ఈఈఓసీ కాదు, లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారం పంపాలి, ఆఖరి ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోగా. పే స్టబ్‌లు, ‘ప్రాజెక్టు వచ్చేదాకా జీతం లేదు’ అన్న వాట్సాప్ మెసేజీలు దాచుకోండి. కంపెనీ ఫైళ్లు మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, కేసు మీ మీదికే తిరుగుతుంది. ఉద్యోగం పోయాక హెచ్1బీ వాళ్లకు దొరికే 60 రోజుల వీసా వెసులుబాటుకూ ఈ గడువులకూ సంబంధం లేదు. అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డు ముందే ముగిస్తే అదీ 60 రోజులు ఉండదు. ఛార్జ్ వేసినంత మాత్రాన వీసా స్టేటస్ రాదు. ఇండియాకి తిరిగొచ్చేసినా ఛార్జ్ వేయొచ్చు.

ఓవర్‌టైమ్ బకాయిలకు ఛార్జ్ అక్కర్లేదు. రెండేళ్లలో, కావాలనే ఎగ్గొట్టారని నిరూపించగలిగితే మూడేళ్లలో నేరుగా కోర్టుకెళ్లొచ్చు. జాతి, వంశమూలం మీద వివక్షకు సెక్షన్ 1981 అనే ఫెడరల్ చట్టం కింద తొలగింపు కేసులకు నాలుగేళ్ల గడువుంది, దానికీ ఛార్జ్ అక్కర్లేదు. 180 రోజులు దాటిపోయినవాళ్లు లాయర్ని మొదట అడగాల్సింది దీని గురించే. కాకపోతే ‘ఇండియా పాస్‌పోర్టు కాబట్టి’ అనే వాదన ఒక్కటే అక్కడ చాలదు.

తీసేసేటప్పుడు డబ్బిచ్చి హక్కులు వదులుకోమనే సెవరెన్స్ కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకండి. 40 దాటినవాళ్లతో వయసు వివక్ష హక్కు వదిలించుకోవాలంటే కంపెనీ ఆలోచించుకోడానికి 21 రోజులు, గుంపుగా తీసేస్తుంటే 45 రోజులు ఇవ్వాలి. సంతకం తర్వాత వెనక్కి తీసుకోడానికి ఇంకో 7 రోజులుంటాయి. ఆఫర్ లెటర్‌తో పాటు గొడవల్ని కోర్టు బయట మధ్యవర్తి తేల్చే ఆర్బిట్రేషన్ ఒప్పందం మీద సంతకం పెట్టారేమో వెతకండి. పెట్టుంటే కేసు కోర్టుకి బదులు ఆర్బిట్రేటర్ దగ్గరికి పోవచ్చు. అయినా ఛార్జ్ వేసే హక్కు అలాగే ఉంటుంది.

ఛార్జ్ వేసిన 180 రోజులకు ఈఈఓసీని ‘రైట్ టు స్యూ’ నోటీసు, అంటే కోర్టుకెళ్లొచ్చని చెప్పే కాగితం, అడగొచ్చు, వయసు కేసైతే 60 రోజులు ఆగి నోటీసు లేకుండానే దావా వేయొచ్చు. నోటీసు అందాక ఉండేది 90 రోజులే. పోర్టల్‌లో నోటీసు పెట్టామని ఈమెయిలు వచ్చిన రోజు నుంచే లెక్కేసుకోండి, మీరు తెరిచి చదివిన రోజు నుంచి కాదు. ఆ 90 రోజుల్లో లాయర్ని వెతుక్కోవడమే కాదు, దావా ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో దాఖలైపోవాలి. ఫీజు 405 డాలర్లు, కట్టలేనివాళ్లు మినహాయింపుకి అర్జీ పెట్టుకోవచ్చు. దాఖలు చేశాక సమన్లు కంపెనీకి అందించడానికి మరో 90 రోజులుంటాయి. అందించే పని మీరే చేయకూడదు, 18 ఏళ్లు నిండిన, కేసుతో సంబంధం లేని మనిషితో చేయించాలి.