మృగశిర కార్తెకు ముందే అంబాసిడర్ ముందు చక్రాల పని: జాగ్రత్తలు

వానలు మొదలైతే వరంగల్ చుట్టుపక్కల రోడ్ల సంగతి తెలిసిందే. గుంత ఎంత లోతుందో నీళ్లు కనపడనియ్యవు. ములుగు దిక్కు లో లెవల్ కల్వర్టుల మీద వాగు పారుతుంటే చక్రాలు సగం దాకా మునుగుతయి. అరిగిన ట్రనియన్‌తో (ముందు చక్రాన్ని మలిపే స్వివెల్ పిన్నును పట్టి ఉంచే మర కీలు) పాత అంబాసిడర్‌ను అట్లాంటి రోడ్డు ఎక్కిస్తే ఒక్క గుంత చాలు. కింది ట్రనియన్ మరల నుంచి పిన్ను ఊడి, చక్రం మడ్‌గార్డు కిందికి మడతపడుతుంది. స్టీరింగ్ చేతిలోనే ఉన్నా బండి మాట వినదు.

ఇక్కడ చెప్పేది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 (అంబాసిడర్‌కు మూలమైన ఇంగ్లండ్ కారు) అమరికతో వచ్చిన పాత మోడళ్ల గురించి: కింద టార్షన్ బార్ (స్ప్రింగుకు బదులు మెలిపడే ఇనుప కడ్డీ), పిన్నుకు పైనా కిందా మరల ట్రనియన్లు, పైచేతికి (పై ఆర్మ్‌కు) చెయ్యిలా ఊగే షాకబ్జర్. ప్రీమియర్ పద్మిని కారుకు ఇది పనికిరాదు. దానికి ముందు కాయిల్ స్ప్రింగులు ఉంటయి, వాటిని నొక్కిపట్టే పనిముట్టు లేకుండా ముట్టుకోవద్దు.

ముందు రోగం ఎక్కడుందో తేల్చుకోండి. చక్రాన్ని నేల నుంచి లేపి, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి పెట్టి ఊపండి. టకటకమని ఆడితే లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించండి. ఆట పోయిందా, అది చక్రం బేరింగుది. బ్రేకు తొక్కినా ఆట అట్లాగే ఉంటే ట్రనియనో, ఆర్మ్ బుష్షో (ఆర్మ్ కీలులోని రబ్బరు). అప్పుడు చక్రం ఊపుతూనే ఇంకొకరిని ఆ కీళ్ల మీద వేలు పెట్టి చూడమనండి, కదిలేది ఏదో వేలికే తెలుస్తుంది. కుడిఎడమలుగా పట్టి ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్లు), స్టీరింగ్ ర్యాక్ (చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) చూడాలి. ర్యాక్ రబ్బరు బూట్లు చిరిగితే ఈ పనిలోనే మార్చండి, వాననీళ్లు నేరుగా ర్యాక్‌లోకే పోతయి.

బండి విప్పకముందే సామాను చేతిలో ఉండాలి. 2014లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కాబట్టి ఇక్కడి షాపుల్లో అన్నీ దొరకవు, సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా పోవాల్సి రావచ్చు. రెండు పక్కలకు కలిపి పై ట్రనియన్లు 2, కింది ట్రనియన్లు 2, స్వివెల్ పిన్నులు 2, రబ్బరు సీళ్లు, ఆర్మ్ బుష్షులు, కొత్త స్ప్లిట్ పిన్నులు (నట్టు వదులవకుండా రంధ్రంలో దూర్చి వంచే తీగ పిన్నులు), గ్రీజు నిప్పళ్లు (గ్రీజు ఎక్కించే మూతులు) కొనండి. డబ్బు మిగులుతుందని పాత పిన్నుకు కొత్త ట్రనియన్ వెయ్యకండి. అరిగిన మర కొత్త మరను మూడు నెలల్లో తినేస్తుంది.

నాసిరకం సామానును షాపు కౌంటర్ దగ్గరే పట్టుకోవచ్చు. పిన్నును ట్రనియన్‌లోకి చేత్తో తిప్పండి. పానా అవసరం లేకుండా, ఎక్కడా పట్టుకోకుండా మెత్తగా దిగాలి. సగం దిగాక ఆపి అటూ ఇటూ ఊపి చూడండి. కొత్తదే ఊగుతుంటే తీసుకోవద్దు. పిన్ను ఏ పక్కదో కూడా చూసుకోండి. ఎడమది, కుడిది మర తిరిగే దిక్కు ఒకటి కాదు.

ఇక అసలు ప్రమాదం టార్షన్ బార్. చూడటానికి ఒట్టి ఇనుప కడ్డీ, కానీ బండి ముందు బరువు మోసే బలమంతా దాంట్లో మెలిపెట్టి ఉంటుంది. చక్రం గాలిలో ఉన్నా ఆ మెలి పూర్తిగా పోదు, పైచేతి కింద రబ్బరు స్టాపర్ దాన్ని ఆపి పెడుతుంది. అది మరిచి పై ట్రనియన్ నట్టు విప్పితే కింది ఆర్మ్ ఒక్కసారిగా కిందికి కొడుతుంది. ఆ దారిలో చెయ్యి ఉంటే ఎముక మిగలదు.

అందుకే వరస తప్పొద్దు. సిమెంటు గచ్చు మీదే పని పెట్టుకోండి, నల్లరేగడి మీద, చెలక మట్టి మీద స్టాండు దిగబడుతుంది. హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది, దాన్ని నమ్ముకోకుండా వాటికి ముందూ వెనకా చెక్క ఆపులు కొట్టండి. స్టాండ్లు బాడీ కింది గట్టి దూలం కింద, మధ్యలో చెక్క పెట్టి నిలపాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దు, అవి చెప్పకుండా పగులుతయి. చక్రం తీశాక కింది ఆర్మ్ కింద ట్రాలీ జాకీ పెట్టి కొద్దిగా లేపండి. పైచెయ్యి స్టాపర్‌ను వదిలితే చాలు. ఇంకా ఎత్తితే బండి స్టాండు మీంచి తేలిపోతుంది. ఇప్పుడు పైకీలు విప్పి, జాకీని అంగుళం అంగుళంగా దింపండి. ఆర్మ్ కిందికి దిగుతూ పక్కకు కూడా వంపు తిరుగుతుంది కాబట్టి చక్రాలున్న ట్రాలీ జాకీ దాని వెంట కదులుతుంది. బాటిల్ జాకీ కదల్లేక ఒరిగిపోతుంది.

విడిపోయిన డ్రమ్మును బ్రేకు హోసుకు వేలాడనియ్యకండి, తీగతో పైకి కట్టండి. హోసు పైకి బాగానే కనపడుతుంది గానీ లోపల తెగుతుంది.

బార్‌ను ఊడదియ్యాల్సి వస్తే ముందే బార్ మీద, అది కూర్చునే చోట మీద ఒకే గీతలా పెయింటు గుర్తు పెట్టండి. బార్ చివరి పళ్లలో ఒక్క పల్లు తేడా వచ్చినా బండి ఒక పక్కకు వాలుతుంది. ఎడమ బార్ కుడికి మార్చొద్దు. బిగుసుకున్న బోల్టు కోసం మిస్త్రీ గ్యాస్ మంట తెస్తే ఒప్పుకోకండి. వేడికి బార్ ఉక్కు పదును (గట్టిదనం) పోతుంది. చాకుతో గీరడం, వైసులో పట్టడం కూడా వద్దే, చిన్న గీత దగ్గరే తర్వాత చిట్లు మొదలవుతుంది. తుప్పుకు పెనెట్రేటింగ్ నూనె కొట్టి ఒక రాత్రి వదిలేస్తే చాలావరకు పని అవుతుంది.

బిగించేటప్పుడు పిన్నును ట్రనియన్‌లోకి చివరిదాకా దించి, స్టీరింగ్ రెండు దిక్కులా చివరిదాకా తిరిగేంత వెనక్కి వదలండి. వదలకపోతే మలుపులో పిన్ను బిగుసుకుంటుంది. కాజిల్ నట్టు (పైన గాట్లున్న నట్టు) గాటు, పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి తిప్పొద్దు. స్ప్లిట్ పిన్ను చోట మేకు ముక్క పెట్టే అలవాటు మన దగ్గర ఉంది, ప్రాణాల మీదికి తెచ్చే అలవాటది. రబ్బరు బుష్షులకు ఇంజను ఆయిల్ రాయకండి, రబ్బరు ఉబ్బుతుంది, సబ్బునీళ్లు చాలు. ఆ బుష్షుల నట్లను మాత్రం బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే ఆఖరి బిగింపు ఇవ్వాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి వానాకాలం పోకముందే చిరుగుతుంది.

గ్రీజు కొట్టేటప్పుడు బండి లేపి, చక్రం వేలాడుతుండాలి. బరువు మీద ఉంటే మర ఒక వైపు నొక్కుకుని గ్రీజు అటు పోదు. నల్లటి పాత గ్రీజు పోయి కొత్త రంగు కనపడేదాకా కొట్టండి. ఎండాకాలం దుమ్మూ వాననీళ్లూ కలిస్తే మరలో సానపెట్టినట్టే. వానల్లో నీళ్లకు కరగని గ్రీజుతో వెయ్యి కిలోమీటర్లకోసారి, బండి వాగు దాటిన ప్రతిసారీ కొట్టాలి.

అయ్యాక టో కొలత (ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్న లెక్క) చూపించకుండా హైవే ఎక్కకండి, టైరు అంచు వారాల్లోనే కోసుకుపోతుంది. మొదట 50 కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి, చక్రాల నట్లు, ఆర్మ్ నట్లు మళ్లీ బిగించి, ప్రతి నట్టు మీద సుద్దగీత పెట్టండి. వారం తర్వాత ఆ గీత పక్కకు జరిగి కనపడితే ఆ నట్టు వదులవుతోందన్నట్టు.