అమెరికాలో మొదటి కారు: ఎలక్ట్రిక్ కొనేముందు రాత్రి ప్లగ్ ఎక్కడో చూసుకోండి

పోయిన నెల మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు, దిగి రెండు నెలలు కాకముందే సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనేశాడు. "అన్నా, ఇక గ్యాస్ ఖర్చే లేదు" అంటూ తాళం చూపించాడు (ఇక్కడ పెట్రోల్‌ని గ్యాస్ అంటారు). చార్జింగ్ ఎక్కడ పెడతావని అడిగితే, "బయట బోలెడు స్టేషన్లున్నాయి కదన్నా" అన్నాడు. ఉండేది అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో. పార్కింగ్ ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడే. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. 2023 చివర్లో షికాగో శివార్లలో దిగినప్పుడు నేనూ అచ్చం ఇదే చేశాను.

లైసెన్స్, ఇన్సూరెన్స్ లాంటివి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే: రాత్రి మీ కారు నిలబడే చోట ప్లగ్ ఉందా, లేదా? ఇది తేలకుండా ఎలక్ట్రిక్ మంచిదా, గ్యాస్ మంచిదా అని గంటలు గంటలు వాదించుకోవడం దండగ.

లెక్క చూడండి. నెలకు 1,000 మైళ్లు తిరుగుతారనుకుందాం. ఒక కిలోవాట్ అవర్‌కి, అంటే మనం ఇండియాలో యూనిట్ అనేదానికి, ఎలక్ట్రిక్ కారు మూడు నాలుగు మైళ్లు పోతుంది. నెలకు సుమారు 300 యూనిట్లు కావాలి. ఇంట్లో యూనిట్ 16 సెంట్లయితే 48 డాలర్లు. అదే 300 యూనిట్లు రోడ్డు పక్క ఫాస్ట్ చార్జర్‌లో 50 సెంట్ల చొప్పున పోయించుకుంటే 150 డాలర్లు. గ్యాలన్‌కి 30 మైళ్లిచ్చే మామూలు కారుకి, గ్యాలన్ 3 డాలర్ల 20 సెంట్లు వేసుకుంటే, సుమారు 107 డాలర్లు. అంటే ఇంట్లో ప్లగ్ ఉన్నవాడికి ఎలక్ట్రిక్ సగం ఖర్చు కూడా కాదు, లేనివాడికి గ్యాస్ కన్నా ఎక్కువ. కాలిఫోర్నియా లాంటి చోట ఇంటి కరెంటే యూనిట్ 30 సెంట్లు దాటుతుంది. కాబట్టి నా అంకెలు పక్కనపెట్టి మీ బిల్లు తీసి మీ రేటు వేసుకోండి.

డబ్బైతే ఎలాగో సర్దుకుంటాం. నన్ను ఏడిపించింది చలి. 2024 జనవరిలో షికాగోలో ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్ (మన లెక్కలో సుమారు మైనస్ 18 డిగ్రీల సెల్సియస్) కిందికి పడిపోయినప్పుడు చార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు బారులు తీరాయి. ఆ వరసలో మేమూ ఉన్నాం. ముందు ఐదు కార్లు, మా బ్యాటరీ 9 శాతం. హీటర్ వేస్తే అదీ పోతుందని ఆపేశాను. మా ఆవిడ తన జాకెట్ విప్పి వెనక సీట్లో నిద్రపోతున్న బాబుకి కప్పింది. అద్దం లోపలి వైపు మా ఊపిరే మంచై పేరుకుంది. మా వంతు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. చలికి బిగుసుకుపోయిన బ్యాటరీ కరెంటు తొందరగా తీసుకోదు, ఆ సంగతి కూడా అక్కడే తెలిసింది. కారులో చార్జింగ్ స్టేషన్‌కి దారి పెట్టుకుని బయల్దేరితే చాలా మోడళ్లు దారిలోనే బ్యాటరీని వేడి చేసుకుంటాయి. ఇది ముందే తెలుసుకోండి. 80 శాతం దాటాక వేగం బాగా తగ్గుతుంది, వెనక మనుషులు ఎదురుచూస్తుంటే వందకి నింపుతూ కూర్చోకండి.

మరుసటి వారం బాల్కనీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగాను. దయచేసి ఈ పని చేయకండి. గంటల తరబడి 12 ఆంపియర్లు పోతుంటే సన్నటి వైరు తట్టుకోదు. తెల్లవారి ప్లాస్టిక్ కాలిన వాసనొచ్చి చూస్తే ప్లగ్ మెత్తబడి ఉంది. తిన్నగా గోడ సాకెట్‌కే పెట్టినా 120 వోల్టుల మీద గంట చార్జింగ్‌కి మూడు నుంచి ఐదు మైళ్లకు సరిపడా కరెంటే ఎక్కుతుంది. ఇంటికి ఆఫీసు దగ్గరగా ఉంటే అది సరిపోతుంది. అయితే ఆ సాకెట్ మీ పార్కింగ్ దగ్గరే ఉండాలి!

అపార్ట్‌మెంట్ లీజుకి ముందు "చార్జింగ్ ఉందా" అని అడిగితే ఉందనే అంటారు. ఎన్ని పాయింట్లు, ఎన్ని పనిచేస్తున్నాయి, యూనిట్ ఎంత, చార్జింగ్ అయ్యాక కారు తీయకపోతే అదనంగా ఎంత వేస్తారు అని అడగండి. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్వయంగా వెళ్లి చూడండి. ఆ టైమ్‌కి ఖాళీ లేదంటే మీకెప్పుడూ ఉండదు.

ఇంకొన్ని గబగబా. కొత్త కారుకి 7,500, పాతదానికి 4,000 డాలర్ల వరకు ఇచ్చిన ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్, అంటే కేంద్ర ప్రభుత్వ పన్ను తగ్గింపు, 2025 సెప్టెంబర్ 30 తర్వాత కొన్న కార్లకు లేదు. సేల్స్‌మన్ ఆ మాటెత్తితే నమ్మకండి. చాలా రాష్ట్రాలు ఎలక్ట్రిక్ కార్లకు రిజిస్ట్రేషన్‌లో అదనంగా వసూలు చేస్తాయి, టెక్సాస్‌లో అది ఏడాదికి 200 డాలర్లు. పాత కారైతే చాడెమో అనే పాత రకం ఫాస్ట్ చార్జింగ్ ప్లగ్ ఉన్నది తీసుకోకండి, ఆ పాయింట్లు తగ్గిపోతున్నాయి. బ్యాటరీ వారంటీ చాలా కార్లకు 8 ఏళ్లు లేదా 1,00,000 మైళ్లు, ఎంత మిగిలిందో కాగితం మీద చూడండి. క్రెడిట్ హిస్టరీ, అంటే ఇక్కడ అప్పులు తీర్చిన రికార్డు, లేకుండా లోన్ తీసుకుంటే వడ్డీ ఎక్కువ పడుతుంది, గ్యాస్‌లో మిగిలింది అక్కడికే పోతుంది. ప్రాజెక్ట్ మారి ఊరు మారితే ఇక్కడున్న ప్లగ్ అక్కడ ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు.

అపార్ట్‌మెంట్లో ప్లగ్ లేకపోతే హైబ్రిడ్ తీసుకోండి, అంటే గ్యాస్ ఇంజన్‌తో పాటు చిన్న బ్యాటరీ ఉండి, ప్లగ్ అక్కర్లేని కారు. గ్యాలన్‌కి 50 మైళ్లిచ్చేవి ఉన్నాయి. పైన వేసిన లెక్కలో అది నెలకు 64 డాలర్లు. నన్నడిగితే మొదటి రెండేళ్లకు అదే మేలు.

ఇంతా తిట్టి చెబుతున్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఇప్పటికే కొనేసినవాళ్లు మరీ కంగారు పడకండి. నా కారు నేను అమ్మలేదు. గ్యారేజీ ఉన్న ఇంటికి మారాక 240 వోల్టుల పాయింట్ పెట్టించాను. రాత్రి తగిలిస్తే పొద్దునకి నిండుతుంది, ఆయిల్ మార్చే పనే లేదు, నడపడానికి హాయిగా ఉంది. ఆ కుర్రాడికి కూడా దారి దొరికింది. మా ఆఫీసు పార్కింగ్ వెనక వైపు రెండు పాయింట్లున్నాయి, తొమ్మిదికల్లా నిండిపోతాయి. అతను ఇప్పుడు ఏడున్నరకే వస్తున్నాడు.