పంపే ముందు పైకి చదవండి
కథ పూర్తవగానే పత్రికకు పంపేయమని మనసు తొందరపెడుతుంది. ఆగండి. ఓ వారం దాని జోలికి పోకుండా ఉండి, ఆ తర్వాత పైకి చదవండి. నాలుక తడబడిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. "ఆమె చాలా బాధగా ఏడుస్తూ కన్నీళ్లు కార్చింది" లాంటివి కంటికి ఆనవు, చెవి ఇట్టే పట్టేస్తుంది. "ఆమె ఏడ్చింది" చాలు. సంభాషణలకైతే ఇది మరీ ముఖ్యం, మనుషులు అలా మాట్లాడతారో లేదో వింటేనే తెలుస్తుంది.

మొదటి పేరా మాత్రం పాతది చూడకుండా మళ్లీ రాయండి. నా మటుకు రెండోసారి రాసిందే సూటిగా కథలోకి దిగుతుంది. రోజూ ఓ అరగంట ఇలా సాధన చేస్తే, కొన్నాళ్లకు రాస్తుండగానే అనవసరపు మాటలు తెలిసిపోతుంటాయి. పంపే రోజున పత్రిక అడిగిన పదాల పరిమితి, ఫాంటు సరిచూసుకోండి.