వర్డ్‌ప్రెస్ సొంతంగా నేర్చుకుందాం – 6వ పాఠం: సైట్ ఆగిపోతే కబురు ఎవరికి వెళ్తోంది?

పోయిన పాఠంలో ప్లగిన్లు అప్‌డేట్ చేయడం చూశాం. ఆ అప్‌డేట్ బెడిసికొట్టి సైట్ ఆగిపోతే వర్డ్‌ప్రెస్ తనంతట తనే ఒక మెయిల్ పంపుతుంది. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఏ ప్లగిన్‌లో, ఏ ఫైల్లో, ఎన్నో లైన్లో తప్పు వచ్చిందో అందులో రాసి ఉంటుంది, దాంతోపాటు రికవరీ మోడ్ లింకు కూడా ఇస్తారు. ఆ లింకు నొక్కి లాగిన్ అయితే చెడిపోయిన ప్లగిన్‌ని పక్కనపెట్టి డాష్‌బోర్డు తెరుచుకుంటుంది. కానీ లింకు ఒక్క రోజే పనిచేస్తుంది, మామూలుగా రోజుకి ఒక్క మెయిలే వస్తుంది, కాబట్టి అది ఎవరి ఇన్‌బాక్సులో పడుతోందన్నది చాలా ముఖ్యం.

నా చేతికి వచ్చిన ఒక సైట్ మూడు రోజులు తెల్ల పేజీతో అలాగే పడి ఉంది. మెయిల్ మొదటి రోజే వెళ్లింది, కాకపోతే ఎప్పుడో పని మానేసిన పాత డెవలపర్‌కి. ఆ మూడు రోజులూ ఓనర్ పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

ముందు సెట్టింగ్స్‌లో జనరల్ తెరిచి అడ్మినిస్ట్రేషన్ ఈమెయిల్ అడ్రస్ చూడండి. అక్కడ కొత్త అడ్రస్ పెట్టి సేవ్ చేసినంత మాత్రాన పని అయిపోదు. ఆ కొత్త అడ్రస్‌కి వచ్చే మెయిల్లో లింకు నొక్కి ఖాయం చేసేదాకా పాతదే నడుస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

మిగతా మెయిల్స్ ఓనర్‌కే వెళ్లాలి, ఎర్రర్ మెయిల్ మాత్రం సైట్ చూసుకునే మీకు రావాలి అంటే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్లో, అంటే సైట్ ముఖ్యమైన సెట్టింగ్స్ ఉండే ఫైల్లో, ఒక లైన్ చేర్చాలి. ఫైల్‌కి ముందు కాపీ తీసుకోండి. డిఫైన్ అని రాసి, బ్రాకెట్లో రికవరీ మోడ్ ఈమెయిల్ అనే పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో, కామా తర్వాత మీ అడ్రస్, రెండూ వేర్వేరు కోట్స్‌లో పెట్టి, బ్రాకెట్ మూసి చివర సెమికోలన్ పెట్టండి. ఎడిటింగ్ ఇక ఆపమని చెప్పే కామెంట్‌కి పైన ఉండాలి ఈ లైన్. ఒక్క అడ్రసే ఇవ్వండి. కామాలతో రెండు మూడు ఇస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని చెల్లని అడ్రస్ కింద లెక్కేసి మళ్లీ అడ్మిన్‌కే పంపుతుంది. ఇద్దరు ముగ్గురికి కావాలంటే అందరికీ ఫార్వర్డ్ అయ్యే ఒక ఉమ్మడి అడ్రస్ పెట్టుకోవడం మేలు.

ఈ వారం మీరు చూసే ప్రతి సైట్‌లో ఆ అడ్రస్ ఎవరిదో చూసి రాసిపెట్టుకోండి. అడ్రస్ సరిగ్గా ఉన్నా మెయిల్ స్పామ్‌లో పడుతుంటే ఏం చేయాలో, ఎస్ఎంటీపీ (మెయిల్ సర్వర్ ద్వారా మెయిల్ పంపే పద్ధతి) ఎలా కలపాలో 7వ పాఠంలో చేద్దాం.