చేత్తో కుట్టే పుస్తకానికి పాతకాలం కాగితం ఎలా సంపాదించాలి?

మంచి పాత లెడ్జర్ కాగితం, అంటే ఖాతా పుస్తకాల కాగితం మీద పాళీతో రాస్తే ఇంకు పాకదు, మడిస్తే విరగదు. లెక్కలన్నీ కంప్యూటర్లోకి వెళ్లాక దానికి గిరాకీ పడిపోయింది. ఇప్పుడు కావాలంటే వెతుక్కోవాల్సిందే. పుస్తకం సైజు, పేజీలు ముందే ఖాయం చేసుకుని మాత్రం బయల్దేరకండి. కాగితం దొరికాకే పుస్తకం సంగతి.

మొదట షాపులు. ఆన్‌లైన్‌ను చివరికి పెట్టుకోండి, ఫొటోలో మందం తెలియదు. పాత బజారుల్లోని స్టేషనరీ కొట్లు, మూతపడుతున్న ప్రింటింగ్ ప్రెస్సులు తిరగండి. హైదరాబాద్‌లో అయితే పెళ్లి పత్రికలు అచ్చువేసే ఛత్తా బజార్, ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ చూడొచ్చు. "పాత కాగితం ఉందా?" అంటే లేదనేస్తారు. "పై అరలో అమ్ముడుపోని లెడ్జర్లు, అరఠావులు ఏమైనా ఉన్నాయా అన్నా?" అని అడగండి. నిచ్చెన వేసేది అప్పుడే.

పాత పేపర్లు కొనే కొట్లలో సగం రాసిన ఖాతా పుస్తకాలు కిలోల లెక్కన దొరుకుతాయి. వెనక ఖాళీ పేజీలు మీకు పనికొస్తాయి. రాసిన భాగం బాగా పాతదైతే కత్తిరించకండి, అది ఒక ఊరి చరిత్ర. వాడని స్టాంపు పేపర్ల జోలికి అసలు పోవద్దు. లైసెన్స్ లేనివాళ్లు వాటిని అమ్మడం నేరం.

కొనేముందు ఒక ఠావును వెలుతురుకు ఎత్తి చూడండి. వాటర్‌మార్క్ (కాగితంలోనే కలిసిపోయిన ముద్ర) ఉంటే చాలాసార్లు మిల్లు పేరు కనిపిస్తుంది. వేర్వేరు కట్టలు ఒకే రకమో కాదో పోల్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది. మిల్లు నడుస్తోంది కదా అని పాత రకం కూడా వస్తుందనుకోకండి. నిజాం కాలం నాటి సిర్పూర్ మిల్లు 2014లో ఆగి, 2018లో జేకే పేపర్ చేతికొచ్చాక మళ్లీ మొదలైంది. మధ్యలో ఆగిన రకాలన్నీ తిరిగి వస్తాయన్న భరోసా లేదు.

తర్వాత మూల మడత పరీక్ష. ఒక మూలను ముందుకీ వెనక్కీ నాలుగైదుసార్లు మడవండి. ఊడి చేతికొస్తే ఆమ్లం తినేసిన కాగితం, ఎంత చవకైనా వదిలేయండి. అంచులు మాత్రమే పసుపెక్కి లోపల తెల్లగా ఉంటే ఫర్వాలేదు, అంచు కోసేయొచ్చు. ఓ మూల చుక్క నీళ్లు వేయండి. వెంటనే పీల్చేస్తే ఇంకు కూడా పాకుతుంది.

నచ్చితే ఉన్నదంతా కొనేయండి. అదే రకం మళ్లీ దొరకదు. ఫుల్‌స్కేప్ ఠావు 13½ × 17 అంగుళాలు. రెండుసార్లు మడిస్తే నాలుగు ఆకులు. అంటే 24 ఠావుల దస్తాకు 8½ × 6¾ అంగుళాల పుస్తకంలో 192 పేజీలు వస్తాయి. కాగితాన్ని మెల్లగా వంచి చూసి, సులువుగా వంగే మడత పుస్తకం వీపు (కుట్టు వేసే అంచు) వైపు వచ్చేలా పెట్టుకోండి. లేదంటే పుస్తకం సరిగ్గా తెరుచుకోదు, పేజీలు అలల్లా లేస్తాయి.

ఇంటికి తెచ్చాక వెంటనే పుస్తకాల అలమరలో పెట్టకండి. పురుగు అనుమానం ఉంటే ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి, రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో ఉంచండి. బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా కవరు విప్పొద్దు, కాగితం చెమ్మగిల్లుతుంది.