సబ్‌వూఫర్‌ని పలక మట్టానికి దించడం: ముందు గాడి, తర్వాతే రంధ్రం

సబ్‌వూఫర్ డ్రైవర్‌ని, అంటే బాస్ పలికే స్పీకరుని, చెక్క పెట్టె ముఖంతో సమంగా దించితే బాస్ పెరుగుతుందని మా షెడ్డుకి వచ్చేవాళ్లలో చాలామంది అనుకుంటారు. పెరగదు. 50 హెర్ట్జ్ దగ్గర శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. దాని ముందు 9 మిల్లీమీటర్ల అంచు ఒక లెక్కే కాదు. సన్నని శబ్దాలు పలికే ట్వీటర్ అయితే వేరే కథ. సబ్‌కి మాత్రం ఈ పని చేసేది చూపుకి, పైన జాలీ సరిగ్గా కూర్చోవడానికి, డిక్కీలో బ్యాగులు జరిపేటప్పుడు ఫ్రేమ్ అంచుకి తగలకుండా ఉండటానికి. ఇవేవీ అక్కర్లేదనుకుంటే రంధ్రం కోసి పైనుంచి బిగించేయండి, సగం పని తగ్గుతుంది.

కావాలనుకుంటే, రంధ్రం చుట్టూ ఫ్రేమ్ అంచు కూర్చునే గాడి తవ్వాలి. దానికి డ్రైవర్ చేతికొచ్చాకే పలక ముట్టుకోండి. 12 అంగుళాలు అన్నది పేరు మాత్రమే. నా బల్ల మీదున్న 12 అంగుళాల సబ్ బయటి వ్యాసం 318 మి.మీ. ఇంకో కంపెనీది అదే సైజులో కొన్ని మిల్లీమీటర్లు అటో ఇటో ఉంటుంది. డబ్బాలో వచ్చే కాగితం మీద రంధ్రం కొలత ఉంటుంది గానీ, మనకి కావాల్సిన బయటి వ్యాసం, అంచు మందం చాలాసార్లు ఉండవు. ఉన్నా, పైన తొడిగే రబ్బరు రింగు కలిపి రాశారో లేదో తెలియదు. రింగు తొడిగే కొలవండి.

మామూలు వెర్నియర్ 150 మి.మీ. దాటి తెరుచుకోదు. టేపు అడ్డంగా పెట్టి కొలిస్తే సరిగ్గా మధ్యలోంచి వెళ్లిందని నమ్మకం లేదు. నేను చేసేది ఇది: వేలెడు వెడల్పు కాగితం పట్టీ ఒకటి కోసి, ఫ్రేమ్ అంచు చుట్టూ బిగుతుగా చుడతాను. పట్టీ కొసలు ఒకదాని మీద ఒకటి వచ్చే చోట పిన్నుతో రెండూ కలిపి గుచ్చుతాను. పట్టీ విప్పి బల్ల మీద పరిచి, రెండు చిల్లుల మధ్య దూరం స్టీలు స్కేలుతో చూస్తాను. నా సబ్‌కి 999 మి.మీ. వచ్చింది. 3.1416తో భాగిస్తే 318. ఇందులో సుఖం ఏమిటంటే, కొలవడంలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా వ్యాసంలో అది మూడో వంతే అవుతుంది. అంచు గుండ్రంగా కాకుండా పువ్వు రేకుల్లా వంపులుంటే ఈ పద్ధతి పనికిరాదు. అలాంటి ఫ్రేముకి గాడి తియ్యకపోవడమే మంచిదని నా అభిప్రాయం, చుట్టూ సందులు కనబడతాయి.

అంచు మందం వెర్నియర్‌తో మూడు నాలుగు చోట్ల చూడండి. నాది 8 మి.మీ. దాని కింద వేసే 3 మి.మీ. ఫోమ్ టేపు బిగించాక ఒక మిల్లీమీటరుకి అణుగుతుంది. అంటే గాడి లోతు 9. పలక మీద మైకా అతికించేది ఉంటే, గాడి తియ్యడానికి ముందే అతికించండి, దాని మందం కూడా లోతులోనే కలిసిపోతుంది. వ్యాసానికి చుట్టూ 1 మి.మీ. ఖాళీ వదలాలి, అంటే 320. పెయింటు పొరలు ఆ ఖాళీలో కొంత తినేస్తాయి. కార్పెట్ చుట్టేవాళ్లు ఆ గుడ్డ మందం కూడా రెండు వైపులా కలుపుకోవాలి. ఇవన్నీ మి.మీ.లోనే రాసుకోండి. పని వేరే కార్పెంటరుకి ఇస్తే మరీ ముఖ్యం. సూత్‌లలో (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) చెబితే ఒక సూత్ అటూ ఇటూ అయ్యేసరికి 3 మి.మీ. పోతుంది.

ఇప్పుడు పలక. 18 మి.మీ. ఎం.డి.ఎఫ్.లో (చెక్క పీచు నొక్కి చేసే పలక) 9 తీసేస్తే స్క్రూలకి మిగిలేది 9, బరువైన సబ్‌కి అది చాలదు. రెండు 18 పలకలు ఫెవికాల్ పెట్టి అతికించి, రాత్రంతా క్లాంపుల్లో వదిలేయండి. మొత్తం 36, గాడి పోగా 27 మిగులుతుంది. లోపలి లోతు ఇక్కడే లెక్క చూసుకోవాలి. నా డ్రైవర్ అంచు కింది నుంచి అయస్కాంతం వెనక దాకా 152 మి.మీ. అందులో 27 పలకలోనే ఉంటుంది, పెట్టె లోపలికి వెళ్లేది 125. అయస్కాంతం వెనక గాలి రంధ్రం ఉంటే ఇంకో 30 అయినా వదలాలి. కాబట్టి వెనక పలక కనీసం 155 దూరంలో ఉండాలి. సమంగా దించడం వల్ల డ్రైవర్ 9 మి.మీ. లోపలికి జరుగుతుందన్నది మరిచిపోతే అయస్కాంతం వెళ్లి వెనక పలకకి ఆనుకుంటుంది.

కోతలో ఒక్క వరస తప్పకూడదు: గాడి ముందు, రంధ్రం తర్వాత. రౌటర్ అంటే చెక్కలో గాడి తవ్వే మెషీను, దాన్ని గుండ్రంగా తిప్పే పట్టీ జిగ్. ఆ జిగ్ తిరిగేది మధ్యలో ఉన్న మేకు మీద. రంధ్రం ముందు కోస్తే ఆ మధ్య ముక్క పడిపోతుంది, మేకు కొట్టడానికి చోటే ఉండదు. మేకు చిల్లు పలక అవతలికి నిలువుగా దింపండి, దాంతో తర్వాత పని ఉంది.

గాడికి మేకు నుంచి బిట్ (రౌటర్‌లో తిరిగే కోత ముక్క) బయటి అంచు దాకా 160 పెట్టాలి, బిట్ మధ్యకి కాదు. ఒక్కసారికి 3 మి.మీ. మించకుండా మూడు విడతల్లో 9కి దించండి. బిట్ 12 మి.మీ. అయితే గాడి అంత వెడల్పే వస్తుంది. మనకి 20 మి.మీ. మెట్టు కావాలి. జిగ్‌ని 149కి జరిపి మళ్లీ అదే లోతు తియ్యండి. ముందుగా ఒక చెత్త ప్లైవుడ్ ముక్క మీద ఇదంతా చేసి డ్రైవర్ పెట్టి చూసుకుంటే టెన్షన్ ఉండదు.

రంధ్రం 280, కాబట్టి వ్యాసార్థం 140, ఇదీ బిట్ బయటి అంచుకే. చిన్న రౌటర్ బిట్ 27 మి.మీ. మందం ఒక వైపు నుంచి దాటకపోవచ్చు. అప్పుడు పలక తిరగేసి, అదే మేకు చిల్లు పట్టుకుని వెనక నుంచి రండి. మొదలుపెట్టే ముందే మధ్య బిళ్లని కింద వేసిన పాత పలకకి రెండు స్క్రూలతో బిగించండి. లేకపోతే ఆఖరి చుట్టులో బిళ్ల కదిలి బిట్ అంచుని కొరికేస్తుంది. ఎం.డి.ఎఫ్. దుమ్ము మంచిది కాదు, ఆరుబయట కొయ్యండి, మాస్కు తియ్యకండి.

రౌటర్ లేనివాళ్లు గాడి తవ్వే బదులు చుట్టూ ఎత్తు పెంచొచ్చు. 18 పలకలో 280 రంధ్రం జిగ్‌సాతో కోసి, వెనక అదే రంధ్రంతో ఇంకో పొర వెయ్యండి. ముందు 9 మి.మీ. ప్లైవుడ్‌లో 320 రంధ్రం కోసి, పలక మొత్తానికి అతికించండి. అంచు ఇసుక కాగితంతో సరిచేశాక తేడా కనిపెట్టడం కష్టం. నాకైతే ఇదే సులువనిపిస్తుంది.

రంధ్రం వెనక అంచుని 45 డిగ్రీల ఏటవాలుగా చెక్కండి, మందపాటి పలక బాస్కెట్ (డ్రైవర్ వెనక చట్రం) కిటికీలకి అడ్డం రాకుండా. స్క్రూలు పడే చోట్ల మాత్రం చెక్కకుండా వదిలేయాలి. తర్వాత డ్రైవర్‌ని గాడిలో కూర్చోబెట్టి, వైర్లు తగిలించే టెర్మినల్ ఎటుండాలో తిప్పి చూసుకుని, ఫ్రేమ్ చిల్లుల్లోంచే గుర్తులు పెట్టండి. ఎం.డి.ఎఫ్.లో చెక్క స్క్రూ రెండు మూడు సార్లు విప్పి బిగిస్తే పట్టు పోతుంది. వెనక టీ-నట్లు (చెక్కలో దిగే పళ్లున్న నట్లు) వేసి ఎం5, అంటే 5 మి.మీ. బోల్టులు వాడండి. బిగించేటప్పుడు ఒకదాని తర్వాత దాని ఎదురుది, కొంచెం కొంచెంగా.

మూసిన పెట్టె అయితే గాలి పరీక్ష చెయ్యండి. ఫ్యాన్ ఆపి, ఒకరు డస్ట్ క్యాప్ (కోన్ మధ్యలో ఉండే మూత) ముట్టుకోకుండా కోన్‌ని నాలుగు వైపులా సమంగా లోపలికి నొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు అగరుబత్తి అంచు చుట్టూ తిప్పాలి, నిప్పు రబ్బరుకి తగలనివ్వకుండా. పొగ ఎక్కడ చెదిరితే అక్కడ ఫోమ్ టేపు కొసలు కలవలేదని అర్థం. పోర్ట్ (గాలి ఆడే గొట్టం) ఉన్న పెట్టెకి ఈ పరీక్ష కుదరదు. ఏ పెట్టె అయినా ఒక వారం వాడాక బోల్టులు ఇంకోసారి బిగించండి, ఈలోపు ఫోమ్ ఇంకాస్త అణిగి ఉంటుంది.